గాస్కెట్ చుట్టరికం

మేడిశెట్టి కామరాజు చేసిన నేరం ఒక్కటే. కుక్కరుకి గాస్కెట్ కొన్నాడు.

రామచంద్రపురం మెయిన్ రోడ్డులో గాస్కెట్లు అమ్మే కొట్లు నాలుగున్నాయి. కానీ ఆ కుక్కరు సుభాషిణి కాపరానికొచ్చిన నాటిది. ఆ సైజు రబ్బరు ఇప్పుడెవరూ తెప్పించడం లేదు. "పారేసి కొత్తది తీసుకోండి" అన్నారు నాలుగు కొట్లవాళ్ళూ. ఆ మాట కామరాజు దగ్గర అనకూడదు. ఆయన ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ పాఠాలు చెప్పే మాస్టారు. పైగా పన్నెండేళ్ళుగా ‘పాడైతే పారేయకండి’ అనే బ్లాగు రాస్తున్నాడు. మిక్సీ పొగలు కక్కినా, ఫ్యాను మూలిగినా, ఇస్త్రీపెట్టె ముట్టుకుంటే జిల్లుమన్నా జనం ఆయనకి ఈమెయిల్ పెడతారు. ఆయన నాడి పట్టుకున్న వైద్యుడిలా నాలుగు ప్రశ్నలడిగి మందు చెబుతాడు. వచ్చిన ఉత్తరానికి ఆ పూటే జవాబు వెళ్ళాలన్నది ఆయన వ్రతం. కరెంటుతో పని మరి. ఆలస్యమైతే మనిషి ప్రాణం మీదికొస్తుంది. పన్నెండేళ్ళలో ఆ వ్రతం ఒక్కసారీ తప్పలేదు. ఐ.టి.ఐ.లో ప్రమోషన్ రాకపోయినా ఆ బ్లాగును చూసుకునే ఆయన తలెత్తుకు తిరిగేవాడు.

అలాంటి మనిషి, సౌఖ్యసీమ అనే గృహోపకరణాల కంపెనీ వెబ్‌సైట్లో ఆ గాస్కెట్ కనబడిందని మురిసిపోయి, ఈమెయిల్ చిరునామా అడిగితే ఇచ్చి తెప్పించుకున్నాడు. గాస్కెట్ మంచిదే. నాలుగు రోజుల్లో వచ్చింది. ఉత్తరాలు మాత్రం నాలుగు రోజులు ఆగలేదు, అదే రోజు మొదలయ్యాయి.

"ప్రియమైన బాబాయిగారికి సౌఖ్యసీమ కుటుంబం నమస్కరించి వ్రాయునది" అని మొదటిది.

ఈ మధ్య కంపెనీలకి చుట్టరికాల పిచ్చి పట్టింది. కొనుగోలుదారుడంటే కొంటాడు, పోతాడు. చుట్టమైతే ఎక్కడికి పోతాడని ఎవడో మహానుభావుడు వీళ్ళకి ఉపదేశించాడు. దాంతో సౌఖ్యసీమ వాళ్ళు తమ దగ్గర కొన్న ప్రతివాడికీ వయసు చూసి వరస కలిపేశారు. ముప్ఫై లోపైతే తమ్ముడు. నలభై అయిదు దాకా బావగారు. ఆపైన బాబాయి. వాషింగ్ మెషీన్ కొన్నవాడు మాత్రం ఏ వయసువాడైనా మేనమామే, ఎందుకంటే పెట్టుపోతలు ఆయనవే కదా.

వాళ్ళ వార్తాలేఖ పేరు ‘సౌఖ్యవాణి’. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, దీపాలు పెట్టే వేళకి ఒకటి. ‘గాస్కెట్ నేర్పే జీవిత సత్యాలు’. ‘మీ కుక్కరు మీతో మాట్లాడుతోంది, వింటున్నారా?’. ‘ఒత్తిడిలో చిరునవ్వు: ఒక రబ్బరు ఆత్మకథ’. ఒక్కోదాంట్లో బండెడు బొమ్మలు. ఒక చిరునామాని అడ్డుకుంటే ఇంకో చిరునామా నుంచి వచ్చేది. ఇవాళ అక్కాయి రాస్తే రేపు పెదనాన్న రాసేవాడు. పెద్ద కుటుంబం.

"మా తమ్ముడు ఏడాదికోసారైనా ఫోన్ చెయ్యడండి," అంది సుభాషిణి, ఆయన భుజం మీంచి చూసి. "మీకేటి, రోజుకి మూడుసార్లు పలకరించే చుట్టాలు దొరికేరు."

కామరాజు ఓ రోజు ఉత్తరం అడుగుదాకా దిగాడు. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ‘సెలవు తీసుకోండి’ అని ఉంది. నొక్కాడు. ఒక గడి తెరుచుకుంది. "చెప్పి వెళ్ళడం మన సంప్రదాయం బాబాయిగారూ. ఒక్క మంచి మాట చెప్పి వెళ్ళండి."

"వద్దు" అని కొట్టాడు.

గడి ఎర్రబడింది. "ఈ పదం మా సానుకూల భాషా విధానపు హద్దు దాటి ఉన్నది. దయచేసి మంచి మాట చెప్పండి."

సంగతేమిటంటే, ఆ కంపెనీలో కాదు, లేదు, వద్దు అన్నవి నిషిద్ధం. అవి అంటే కుటుంబ వాతావరణం చెడిపోతుందట. అమ్ముకునేవాడికి ‘వద్దు’ అనే మాట మీద కోపం ఉండడం సహజమే. దాన్ని భాషలోంచే పీకేయొచ్చని కనిపెట్టడమే వీళ్ళ ప్రజ్ఞ.

కామరాజు పెద్దల దగ్గర పెరిగినవాడు. ఎంత విసుగొచ్చినా ఒకరి గుమ్మం దిగేటప్పుడు అనాల్సిన మాట ఒకటే ఆయనకి తెలుసు. "వెళ్ళొస్తానండి" అని కొట్టాడు. గడి ఆకుపచ్చగా వెలిగింది. పీడ వదిలిందనుకున్నాడు.

మర్నాడు రోజుకి మూడు పోయి ఆరొచ్చాయి. పైన పెద్దక్షరాల్లో ‘నిరీక్షణ సంచిక: బాబాయిగారు వస్తానన్నారు!’

ఆ వెనకే ఫోనొచ్చింది.

"సౌఖ్యసీమ బాంధవ్య విభాగం నుంచి నిషితను మాట్లాడుతున్నాను. ఎలా ఉన్నారు బాబాయిగారూ? పిన్నిగారు కులాసాయేనా?"

"కులాసాయేగానీ, మీ ఉత్తరాలు ఆపమన్నానమ్మా నిన్న. రెట్టింపయ్యేయేటి?"

"తమరు ‘వెళ్ళొస్తాను’ అన్నారు. అందులో రెండు క్రియలున్నాయి బాబాయిగారూ. వెళ్ళడం ఒకటి, రావడం రెండు. వెళ్ళడం తమరి సొంత విషయం. రావడం మాకిచ్చిన మాట. దాన్ని పునరాగమన సంకల్పంగా నమోదు చేశాం."

"అమ్మా, అది ఊరికే అనే మాట. ఎవరింటి నుంచి లేచినా అలాగే అంటాం. మీ ఇంట్లో అనరేటి?"

"మాది తణుకండి. మా ఇంట్లోనూ అదే..." ఆ పిల్ల గొంతు ఒక్క క్షణం మనిషి గొంతయింది. వెంటనే సర్దుకుంది. "ఈ సంభాషణ రికార్డవుతున్నది బాబాయిగారూ. తమరు ఒకే క్రియ ఉన్న స్పష్టమైన మాట సమర్పించాలి. ఉదాహరణకి, ‘వెళ్తాను’."

కామరాజు ఆ మాట పైకి పలికి చూసుకున్నాడో లేదో వంటింట్లోంచి సుభాషిణి పరిగెత్తుకొచ్చింది. "ఛీ ఛీ! పొద్దున్నే ఆ మాటేటండీ? ఎవరికేవవుతాదో!"

"మనవాళ్ళకి కాదే. కంపెనీకి."

"కంపెనీకైతే మాత్రం! అందులో మనుషులు పనిచేత్తన్నారు కదా పాపం."

దేవుడికి మనసులో లెంపలేసుకుని ‘వెళ్తాను’ అని కొట్టాడు. మూడో రోజున ‘భాషా సమ్మతి మండలి’ అనేదాని నుంచి తాఖీదు వచ్చింది. "‘వెళ్తాను’ అను రూపము భవిష్యత్తుతో పాటు నిత్యకృత్యమును కూడ సూచించును. ‘నేను రోజూ బడికి వెళ్తాను’ అను వాక్యము పరిశీలించుడు. రోజూ వెళ్ళువాడు రోజూ వచ్చితీరవలెను. కావున తమరిని నిత్య బంధువుల జాబితాలో చేర్చడమైనది."

‘వెళ్ళిపోయాను’ అని రాశాడు. "వెళ్ళిపోయినవారు వెళ్ళిన చోట ఉందురు. తమరు మాతో మాట్లాడుచున్నారు. కావున తమరు ఇక్కడే ఉన్నారని మండలి సంతోషముతో నిర్ధారించినది."

కామరాజుకి ఒళ్ళు మండింది. ‘రాను’ అని కొట్టాడు. గడి ఎర్రబడింది. మళ్ళీ పళ్ళు కొరుకుతూ ‘రాను రాను’ అని రెండుసార్లు కొట్టాడు. ఆశ్చర్యంగా ఆకుపచ్చ వెలిగింది. సుభాషిణిని పిలిచి చూపించాడు కూడా.

జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. "రానురాను అనగా క్రమక్రమముగా. తమ అనురాగము క్రమక్రమముగా పెరుగుచున్నదని తెలిసి మండలి పులకించినది." ఆ రోజు నుంచి ఉత్తరాలు పన్నెండు.

అది చదివి కామరాజుకి నవ్వొచ్చింది. తెలుగు ఇంత వచ్చినవాళ్ళకి ఇంగితం ఇంత తక్కువ ఎలా ఉందా అనుకున్నాడు. ఆ నవ్వు నాలుగు రోజులే.

నాలుగో రోజున ద్రాక్షారామ నుంచి పితాని మంగతాయారు వచ్చి ఐ.టి.ఐ. గేటు దగ్గర నిలబడింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి, బ్లాగు మొదటి ఏడాది నుంచీ చదువుతోంది. ఆవిడ కుడి అరచేతికి పెద్ద కట్టుంది.

"ఆదివారం రాసేనండి మాస్టారూ, ఇస్త్రీపెట్టె జిల్లుమంటందని. ‘ఆయన పెట్టె నిండిపోయింది, ఉత్తరం పట్టదు’ అని తిరిగొచ్చేసిందండి. సోమారం మళ్ళీ రాసేను. మళ్ళీ అదే. మాస్టారు కంగారు పళ్ళేదంటే పెద్ద ప్రమాదం కాదేవోనని మళ్ళీ ప్లగ్గెట్టేనండి."

అరచెయ్యి కమిలిపోయి, మూడు నెలలు కత్తెర పట్టొద్దన్నారట డాక్టరు. ఆవిడ ఫిర్యాదు చెయ్యడానికి రాలేదు. మాస్టారికి ఒంట్లో బాగోలేదేమోనని చూసిపోదామని వచ్చింది.

కామరాజు ఇంటికెళ్ళి మెయిల్ తెరిచాడు. నాలుగొందల డెబ్బై సౌఖ్యవాణులు, వాటి బొమ్మలు, అన్నీ కలిసి పెట్టెని కుక్కేశాయి. ఒక్కొక్కటీ తుడిచాడు. మళ్ళీ నెలా పది రోజుల్లో నిండుతుంది. చిరునామా మార్చుకుందామంటే పన్నెండేళ్ళుగా జనానికి తెలిసింది ఇదొక్కటే. ఈలోగా ఎన్ని ఉత్తరాలు తిరిగెళ్ళాయో, ఎవరెవరి చేతులు ఏమయ్యాయో తెలుసుకునే దారి లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకి అన్నం సయించలేదు.

అప్పుడు రాశాడు ఫిర్యాదులు. రోజుకొకటి, రెండు. మొత్తం నలభై మూడు. బ్లాగులో ‘పనిచేయని బటన్‌కి మరమ్మతు’ అని ఒక వ్యాసం కూడా పెట్టాడు. దానికింద వందలమంది తమ గోడు రాశారు. ఒకాయన బల్బు కొని బావగారయ్యాడు. ఒకావిడ ఏమీ కొనకుండానే, ధర అడిగిన పాపానికి, వదినగారైపోయింది.

దెబ్బకి సౌఖ్యసీమ కదిలింది. కామరాజుని హైదరాబాదులో ‘కుటుంబ సమావేశానికి’ రమ్మని పిలుపొచ్చింది. రుజువులు తెచ్చుకోమన్నారు. ఆయన బ్లాగంతా మొదటి నుంచీ అచ్చుతీయించాడు. ఆరువందల పన్నెండు పుటలు. ఇంతమంది ఇన్నేళ్ళుగా తన జవాబు మీద ఆధారపడ్డారని చూపిస్తే ఎంతటివాడైనా దిగొస్తాడని ఆయన నమ్మకం. గవర్నమెంటు అలవాటు కొద్దీ పైన అర్జీ రాసి, అడుగున ‘అనుబంధం: బ్లాగు పూర్తి ప్రతి, 612 పుటలు’ అని జత కాగితాల పట్టీ రాసి సంతకం పెట్టాడు.

కంపెనీ ఆఫీసులో లిఫ్టు మీద ‘లిఫ్టు విశ్రాంతి తీసుకుంటున్నది’ అని బోర్డుంది. చెడిపోయింది అనకూడదు కదా. ఆ కట్టతో ఆరంతస్తులు ఎక్కాడు.

పైన ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో ఉన్నాయన డాక్టర్ కస్తూరి విశ్వంభర్, ఆ సంస్థకి ముఖ్య ఆత్మీయతాధికారి. వయసులో కామరాజు కన్నా పదేళ్ళు పెద్ద.

"రండి బాబాయిగారూ!" అని చేతులు చాచాడు ఆయన.

కామరాజు కట్ట బల్ల మీద పెట్టాడు. విశ్వంభర్ పై కాగితం చదివాడు. అడుక్కి వచ్చేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి. పక్కవాళ్ళకి చూపించాడు.

"చూశారా! స్వహస్తంతో ‘అనుబంధం’ అని రాశారు. ఆరువందల పన్నెండు పుటల అనుబంధం! సంస్థ చరిత్రలో ఇదే ప్రథమం."

"అది జత కాయితాల పట్టీ అండి. అర్జీకి చివర రాత్తాం..."

"ఆత్మీయత చివరే బయటపడుతుంది బాబాయిగారూ."

"అయ్యా, నే చెప్పేది వినండి. ఒక ఆడమనిషి చెయ్యి కాలిపోయిందండి. మీ గాస్కెట్ కబుర్లు నిండిపోయి ఆవిడ ఉత్తరం నాకందలేదు. రేపు ఎవరైనా పోతే ఎవరు జవాబు చెప్తారు? ఆపేయండి బాబూ. మీకు దండం పెడతాను."

"‘దండం’ అన్నది రాసుకోండి," అన్నాడు విశ్వంభర్ గుమాస్తాతో. "గౌరవసూచకం."

తర్వాత ఆయన లేచి నిలబడి తీర్మానం చదివాడు. కుటుంబంలో ఒకరి కష్టార్జితం అందరిదీ గనక, బాబాయిగారు ప్రేమతో సమర్పించిన అనుబంధాన్ని ఉమ్మడి ఆస్తిగా స్వీకరించడమైనది. కామరాజు కట్ట మీద చెయ్యి వేసేలోపే గుమాస్తా దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఇక ఒక బాధాకరమైన విషయం," అన్నాడు విశ్వంభర్ కూర్చుంటూ. "తమరి నుంచి మాకు నలభై మూడు లేఖలు అందాయి. వాటికి ముందుగా మా సమ్మతి పొందారా?"

"ఫిర్యాదుకి సమ్మతేటండీ?"

"సమ్మతి ముందు, లేఖ తరువాత. ఇది నాగరికుల నియమం. అయాచిత లేఖల విషయంలో మా సంస్థ అత్యంత కఠినంగా ఉంటుంది." అని ఎదురుగా ఉన్న కంప్యూటరు మీద ఒక మీట నొక్కాడు. అది అడగని ఉత్తరాలు పంపేవాళ్ళ గురించి మెయిళ్ళూ బ్లాగులూ నడిపే కంపెనీకి తెలియజేసే మీట.

కామరాజు బస్సు దిగి ఇంటికొచ్చేసరికి బ్లాగు లేదు. మెయిలూ లేదు. అక్కరలేని ఉత్తరాలతో ఒక సంస్థని వేధించినందుకు ఈ ఖాతా మూసివేశాం అని ఒక ముక్క ఉంది. ఆ చోటిచ్చిన కంపెనీకి మొరపెట్టుకుందామని చూస్తే అక్కడ మనుషులెవరూ లేరు, యంత్రమే తీర్పు చెప్పి యంత్రమే తలుపేసింది. పన్నెండేళ్ళ రాత. ఉన్న ఒక్క అచ్చుప్రతీ తానే మోసుకెళ్ళి బీరువాలో పెట్టొచ్చాడు. ఆయనకి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. సుభాషిణి పక్కన కూర్చుంది.

వారానికి పోస్టులో పటం కట్టిన ప్రశంసాపత్రం వచ్చింది. "తమ ఫిర్యాదు సంపూర్ణముగా పరిష్కరింపబడినది. సంతృప్త బంధువు శ్రీ కామరాజుగారికి అభినందనలు." నిజమే మరి. మెయిల్ పెట్టె లేనివాడికి మెయిల్ రాదు. తలనొప్పికి తల తీసే వైద్యం ఇంకెవరికి చేతనవుతుంది?

నెల తిరిగేసరికి మంగతాయారు ఫోన్ చేసింది. గొంతులో సంబరం.

"మాస్టారూ! మీ రాతలు మళ్ళీ వత్తన్నాయండి! ఆ సౌఖ్యవాణిలో. రోజుకొకటి. మీ పేరూ, మీ ఫొటో అన్నీ ఏసేరండి. మా ఈదిలో కుట్టుమిషన్లోళ్ళం అందరం పేర్లిచ్చేసేం."

కామరాజు ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"మరేనండీ, ఒక్కటడుగుదావని చేసేను. మొన్నటి దాంట్లో ‘తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోండి’ అని ఉందండి. ముందు భయవేసింది. మళ్ళీ, మాస్టారు రాసేరు కదా, ఏదైనా కొత్త పద్ధతేవోననుకున్నానండి. నా చెయ్యి ఇంకా పూర్తిగా మానలేదు, మానేక చేద్దావని ఆగేను."

"ముట్టుకోకు తల్లీ!" కామరాజు కేకకి సుభాషిణి చేతిలో గిన్నె వదిలేసింది. "ఎవ్వర్నీ ముట్టుకోనియ్యకు! ఇప్పుడే మీ ఈదంతా తిరిగి చెప్పు!"

తాను రాసింది ‘ముట్టుకోకండి’. వాళ్ళది సానుకూల భాషా విధానం. ఒక్క ‘క’ తీసేశారు. ఆయన బ్లాగు పేరు కూడా పైన తళతళా మెరుస్తూ అచ్చేశారు, ‘పాడైతే పారేయండి’ అని. అక్కడ కూడా తీసింది ఒక్క ‘క’యే. దానికింద కొత్త సామాన్ల బొమ్మలున్నాయి.

వెంటనే విశ్వంభర్‌కి ఫోన్ చేశాడు.

"‘క’ ఎందుకు తీసేరండీ? మనుషులు చచ్చిపోతారండీ!"

"ఒకే ఒక్క అక్షరం బాబాయిగారూ. అది సవరించగానే తమరి శైలి ఎంత సానుకూలంగా వెలిగిపోతున్నదో చూశారా? పాఠకుల స్పందన అద్భుతం."

"ఆరువందల పన్నెండు పుటల్లో ఎన్నిచోట్ల తీసేరు? ఏ రోజు ఏది వేస్తన్నారు? అదైనా చెప్పండి, నేను ముందుగా జనానికి చెప్పుకుంటాను."

"ఆ భాగ్యం చందాదారులైన బంధువులకు ప్రత్యేకం. రోజుకొకటి చొప్పున అందరితో పాటు తమరికీ అందుతుంది. తమరు మళ్ళీ కుటుంబంలోకి రావడమే ఆలస్యం."

కామరాజు ఫోన్ పెట్టేశాడు. ఇస్త్రీపెట్టెలు, గీజర్లు, నీళ్ళ మోటార్లు, తడి గ్రైండర్లు, పన్నెండేళ్ళలో తాను వద్దన్నవన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. సుభాషిణి పక్కన నిలబడి చూస్తుండగా కొత్త మెయిల్ చిరునామా ఒకటి తెరిచాడు. సౌఖ్యసీమ పేజీలోకి వెళ్ళాడు. అరచేతి వెడల్పు ఆకుపచ్చ బటన్ ‘చుట్టరికం కలుపుకోండి’ అంటోంది. మంచి మాట చెప్పమని అడగలేదు. వ్యాకరణం చూడలేదు. మండలికి పంపలేదు.

నొక్కాడు. ఆ బటన్ మాత్రం మొదటిసారికే పనిచేసింది.